కథ కంచికి వెళ్లనివ్వరూ!

ఇంగ్లీషు సినీమాలంటే గిట్టని ఇళ్లలో కూడా టెర్మినేటర్‌ను ఎరగనివారు తక్కువ. నల్ల కళ్లద్దాలు, తోలు కోటు, చేతిలో తుపాకీ, మొహాన నవ్వన్నది లేని ఆ మరమనిషిని పిల్లలు వీధుల్లో అనుకరించిన రోజులు నాకు బాగా గుర్తు. 1984 నుంచి 2019 దాకా ఆ పేరుతో ఆరు సినీమాలు వచ్చాయి. మొదటి రెండిటికీ జనం విరగబడ్డారు. ఆరోది వచ్చేసరికి పేరు అదే, ఆర్నాల్డ్ స్వార్జెనెగరూ అతడే, జనం మాత్రం లేరు. ఎక్కడికి పోయినట్టు?

ఈ ప్రశ్న నన్ను చాలాకాలంగా వేధిస్తోంది. "బియ్యం ధర గురించా, పిల్ల పెళ్లి గురించా, ఇంత ఆలోచన దేనికండీ?" అంటుంది మా ఆవిడ. ఆవిడ మాట కాదనను. కాని ఒకప్పుడు ముచ్చటపడ్డ వస్తువు కళ్లముందే చెడిపోతే, ఎందుకు చెడిందో తెలుసుకోవాలనిపించదూ?

ఎరగనివారికోసం కథ టూకీగా చెబుతాను. ముందుకాలంలో స్కైనెట్ అనే యంత్రానికి తెలివి వచ్చి, అణుబాంబులతో మనుషులను నాశనం చేస్తుంది. మిగిలినవారిని కూడగట్టి దానిమీద తిరగబడ్డవాడు జాన్ కానర్. అతడు అసలు పుట్టకుండానే చేద్దామని, అతని తల్లి సారాను చంపటానికి స్కైనెట్ ఒక మరమనిషిని 1984కు పంపుతుంది. ఆవిడను కాపాడటానికి రీస్ అనే సైనికుడు వెనకే వస్తాడు. కాపాడి, తాను చచ్చిపోతాడు. మన కంసుడి భయమే ననుకోండి, కాకపోతే ఇక్కడ బిడ్డ కడుపులో పడకముందే కత్తి దూశారు.

దీన్ని తీసిన జేమ్స్ కామెరాన్‌కు అప్పట్లో పేరూ లేదు, డబ్బూ లేదు. రోమ్ నగరంలో జ్వరంతో పడివుండగా, మంటల్లోంచి లేచి వస్తున్న ఇనప అస్థిపంజరం ఒకటి కలలోకి వచ్చిందట. ఆ కలనే కథగా అల్లాడు. దర్శకత్వం తనకే ఇవ్వాలన్న షరతుమీద హక్కులను ఒక్క డాలరుకు అమ్మేశాడు. సుమారు 64 లక్షల డాలర్లతో తీసిన చిత్రం ఏడుకోట్ల పైచిలుకు తెచ్చింది. అమెరికా లెక్కల్లో అది పొదుపు సంసారమే.

రెండోది 1991లో వచ్చింది. ఈసారి మరమనిషి రక్షకుడు. పిల్లవాడు జాన్‌కు పదేళ్లు. రాబోయే ప్రళయం సంగతి చెబితే లోకం నమ్మక, సారాను పిచ్చాసుపత్రిలో పెట్టింది. ఇక్కడ ఒక సంగతి గమనించాలి. మొదటి కథలో జరిగినదానికి రెండో కథ విలువ ఇచ్చింది. చచ్చిపోయిన రీస్ బతికి రాలేదు. అమాయకంగా హోటల్లో వడ్డన చేసుకునే సారా రాటుదేలిపోయింది. అనుభవం మనిషిమీద మచ్చ వేయాలి కదా, వేసింది.

1997 ఆగస్టు 29న రావలసిన ప్రళయాన్ని తప్పించటానికి వాళ్లు పరిశోధనశాలను తగలబెడతారు. చివరకు మరమనిషి తన తలలోని యంత్రభాగం మిగిలితే మళ్లీ ప్రమాదమే నని, మరుగుతున్న ఉక్కులోకి తనను దింపెయ్యమంటుంది. పిల్లవాడు వద్దని ఏడుస్తాడు. నేను అది అద్దెకు తెచ్చిన వీడియో క్యాసెట్టులో చూశాను. గదిలో పదిమందిమి ఉన్నాం, సగంమందికి ఇంగ్లీషు రాదు. అయినా ఆ ఇనపచెయ్యి మెల్లగా మునిగిపోతుంటే, మా పిన్నిగారు కొంగుతో కళ్లొత్తుకున్నారు. "పాపం, ఎంత మంచిదిరా!" అన్నారు. సుమారు పదికోట్ల డాలర్లు పెట్టిన ఆ చిత్రం యాభైకోట్లకు పైగా తెచ్చిందంటే, ఆ కన్నీళ్లకు కూడా అందులో వాటా ఉంది.

ముసలిదైన సారా పార్కులో కూర్చుని, ప్రళయం రాని లోకాన్ని చూస్తున్నట్టు కామెరాన్ ముందొక ముగింపు తీశాడు. దాన్ని పక్కనపెట్టి, చీకట్లో రోడ్డు మాత్రం చూపి వదిలాడు. రేపేమవుతుందో తెలియదు, ఆశ మాత్రం ఉంది. కథ కంచికి, మనం ఇంటికి.

కాని వెళ్లనిస్తేనా!

2003లో మూడోది వచ్చింది. ప్రళయం తప్పలేదు, వాయిదా పడిందంతే నన్నారు. సారా రెండు సినీమాల మధ్య జబ్బుచేసి పోయిందన్నారు. 2009లో నాలుగోది యుద్ధం నడుమ జరిగింది. 2015లో అయిదోది, మొదటినుంచీ జరిగినదంతా చెరిపి వేరే దారి పట్టించింది. ఏ జాన్ కానర్‌కోసం ఇంతమంది ప్రాణాలొడ్డారో, అతడినే యంత్రంగా మార్చి పగవాణ్ణి చేశారు. ఆ రహస్యాన్ని కూడా కడుపులో దాచుకోలేక, ముందే ప్రకటన చిత్రాల్లో చూపేశారు. 2019లో ఆరోది వచ్చి, మూడూ నాలుగూ అయిదూ జరగనే లేదంది. పాత సారాగా లిండా హామిల్టన్ తిరిగి వచ్చింది, నిర్మాతల్లో ఒకడుగా కామెరాన్ వచ్చాడు. వచ్చి ఏం చేశారు? మొదటి కొద్ది నిమిషాల్లోనే పిల్లవాడు జాన్‌ను కాల్చి చంపించారు. స్కైనెట్ పోతే పోయింది, లీజియన్ అని దాని తమ్ముడు ఇంకొకటి పుట్టిందన్నారు. చంపిన మరమనిషి ఒక సంసారంలో ఇమిడిపోయి కర్టెన్ల వ్యాపారం చేసుకుంటున్నాడు!

ఇదంతా ఎందుకు జరిగిందంటే, లోపల డబ్బు లెక్క ఉంది. ఆ ఒక్క డాలరు హక్కులు తరువాత లక్షలు, కోట్లు పలుకుతూ చేతులు మారాయి. కొన్నవారిలో దివాలా తీసినవారూ ఉన్నారు. అంత పెట్టి కొన్నవాడు ఒక్క సినీమాతో ఊరుకోడు. నాలుగో చిత్రం మూడు భాగాల కథకు మొదటిది అనుకున్నారు. అయిదోదీ అంతే, ఆరోదీ అంతే. మూడుసార్లు పునాది తవ్వారు, ఒక్కసారీ రెండో అంతస్తు లేవలేదు. అయిదోదాన్ని అమెరికాలోకన్నా చైనాలో ఎక్కువ డబ్బిచ్చి చూశారు. 18 కోట్ల డాలర్ల పైచిలుకు పెట్టిన ఆరోది ప్రపంచమంతా తిరిగి 26 కోట్లు తెచ్చింది. హాళ్లవారి వాటా, ప్రచారం ఖర్చూ తీస్తే మిగిలింది నష్టమే.

హీరో ముసలివాడయ్యాడు కనుక చూడలేదని కొందరంటారు. అరవై దాటిన హీరోలను నెత్తిన పెట్టుకునే మనకు ఆ మాట చెప్పకండి. చూసిందే చూడటం విసుగని మరికొందరంటారు. అదీ నేనొప్పుకోను. శ్రీరామనవమి పందిట్లో ప్రతిఏటా అదే రామాయణం వింటాం. రావణుడు చస్తాడని పసిపిల్లలకూ తెలుసు. అయినా అర్ధరాత్రిదాకా కూర్చుంటాం. కాని దాసుగారు ఒక రాత్రి రావణవధ చెప్పి, హారతి పళ్లెంలో డబ్బులు వేయించుకుని, మర్నాడు వచ్చి, "నిన్న నేను చెప్పింది జరగలేదు నాయనలారా, రావణుడు బతికే ఉన్నాడు, మళ్లీ మొదలుపెడదాం" అంటే? ఒకరోజు కూర్చుంటాం. రెండోరోజు చాప చుట్టి ఇంటికి పోతాం.

జనం లేచిపోయింది విసుగుతో కాదు, నమ్మకం పోయి. ఈ సినీమాలో ఎవరు చచ్చినా, ఎవరు గెలిచినా, వచ్చే సినీమా దాన్ని కొట్టివేస్తుందని తెలిసిపోయాక భయమెందుకు? ఏడుపెందుకు? రెండో చిత్రంలో కంప్యూటరుతో చేసిన వింతలు కొద్ది నిమిషాలే. ఆ తరువాతవాటిలో గంటల కొద్దీ ఉన్నాయి. మా పిన్నిగారి కళ్లు చెమర్చింది వాటికా!

ఆరోదానికి మా అమ్మాయిని తీసుకువెళ్లాను. ముందురోజే పాతవి రెండూ ఇంట్లో చూపించాను. జాన్ చనిపోయిన ఆ కాస్త దృశ్యం కాగానే, అది చీకట్లో నా చెయ్యి పట్టుకుని, "అయితే నాన్నా, నిన్న అది ఉక్కులో మునిగింది ఎందుకూ?" అంది.

నేను జవాబు చెప్పలేదు. చెప్పవలసినవాడు తెరవెనక ఉన్నాడు.

పిల్లలకు కథలు చెప్పే ఇళ్లలో ఇది తేలిక సంగతి కాదు. ఒకరు తన ప్రాణం ఇచ్చి ఇంకొకరిని నిలబెట్టారంటే, ఆ నిలబడటం నిజంగా జరిగిందని పిల్లలు నమ్మాలి. నమ్మినదాన్ని మర్నాడు పైసలకోసం తిరగతోడితే, కథమీదే కాదు, త్యాగమనే మాటమీద కూడా వాళ్లకు గురి తప్పుతుంది. రెండో చిత్రంలా పాతదానికి లోబడి ముందుకు సాగితే కొనసాగింపు. అలా సాగలేకపోతే కొత్త కథ చెప్పవచ్చు, కలలకు కొరతేముంది? ఒక జ్వరానికి ఒక కథ వచ్చింది కదా!

మా అమ్మాయి ఇప్పుడు ఆ వరసలో మొదటి రెండే ఉన్నాయంటుంది. మిగిలిన నాలుగూ లెక్కలోకి రావట. తీసినవాళ్లే ఒకదానినొకటి చెరిపేసుకున్నారు, ఇక దానికి నేనేం అడ్డు చెప్పను?