హద్దుగోడయు సివిలు న్యాయస్థానమును

విశాఖపట్టణమున నివసించువారికి నేలయొక్క విలువను వేఱుగ చెప్పనక్కఱలేదు. ఒకవైపున సముద్రమును మఱియొకవైపున కొండలును ఉండుటచే ఈ పట్టణము విస్తరించుటకు చోటు తక్కువ. 1933వ సంవత్సరమున రేవు తెఱవబడిన పిమ్మట పనులకొఱకు నలుదిక్కులనుండి జనులు వచ్చి చేరిరి. ఉక్కు కర్మాగారము వెలసిన తరువాత మఱింత మంది వచ్చిరి. అడుగు స్థలము సయితము ధనమైనచోట హద్దుతగవులు పుట్టుట వింతకాదు. అట్టి తగవొకటి మాకును సంభవించి, మమ్ము సివిలు న్యాయస్థానమునకు తీసికొనిపోయినది. అచ్చట మేము చూచి తెలిసికొన్న సంగతులు విద్యార్థులకును వారి తలిదండ్రులకును ఉపయోగపడునని తలంచి వ్రాయుచున్నాము.

2014వ సంవత్సరము అక్టోబరు 12వ తేదీన హుద్‌హుద్ తుపాను ఈ పట్టణమువద్దనే తీరము దాటినది. వేలకొలది చెట్లు కూలినవి. మా యింటికిని పొరుగింటికిని నడుమనున్న ప్రహరీగోడయు ఆనాడే పడిపోయినది. పొరుగువారు క్రొత్తగోడ కట్టించినపుడు దాని పునాది మా స్థలములోనికి ఒకటిన్నర అడుగు జరిగినది. అడుగగా ఆ స్థలము తమదే యనిరి. వీధిలోని పెద్దలు నచ్చజెప్పిచూచిరి గాని ఫలింపలేదు. ఆ యిల్లు మా తండ్రిగారు ఉద్యోగకాలమంతయు కూడబెట్టిన ధనముతో కొన్నది. అయినను మా తల్లిగారి దుఃఖము స్థలమునుగూర్చి కాదు. ఇరువదియేండ్లుగా కూరగిన్నెలు ఇచ్చిపుచ్చుకొన్న యింటితో మాటలు నిలిచిపోయెనే యని ఆమె చింతించుచుండిరి.

మఱుసటి యేడు మేము దావా వేసితిమి. సివిలు న్యాయస్థానము ఎవరిని దండించుటకును ఏర్పడినది కాదనియు, ఎవరి హక్కు ఎంతవఱకో తేల్చుటకే ఏర్పడినదనియు మా వకీలుగారు మొదటనే చెప్పిరి. మా దావా జూనియరు సివిలు జడ్జిగారి కోర్టునకు వెళ్లినది. పూర్వము జిల్లా మునసబు కోర్టని పిలువబడినది ఇదియే. ముసలివారు ఇప్పటికిని మునసబు కోర్టనియే యందురు.

అచ్చట నోటిమాటకంటె కాగితమునకు బలమెక్కువ. మా క్రయదస్తావేజు తుపాను నీటిలో తడిసి అక్షరములు చెదరిపోయినవి. కాని రిజిస్టరైన దస్తావేజునకు సబ్‌రిజిస్ట్రారు కచేరిలో ప్రతి యుండును. రుసుము చెల్లించి దాని నకలును తీసికొంటిమి. అందు వ్రాసియున్న నాలుగు హద్దులును కొలతలునే మా దావాకు ఆధారమైనవి.

కాగితము తరువాత ముఖ్యమైనది తేదీ. 1908వ సంవత్సరపు సివిలు ప్రక్రియా స్మృతి ప్రకారము సమన్లు అందిన ప్రతివాది 30 దినములలో జవాబుదావా దాఖలుచేయవలెను. కారణమున్నచో కోర్టువారు 90 దినములవఱకు గడువు ఈయవచ్చును. వాయిదానాడు బంట్రోతు పేరు పిలిచినపుడు వాదిగాని అతని వకీలుగాని లేనిచో దావా కొట్టివేయబడవచ్చును. ప్రతివాది రానిచో ఏకపక్షముగ తీర్పు చెప్పబడవచ్చును. కావుననే ఉదయముననే వచ్చి, సాయంకాలమువఱకు వసారాలో కనిపెట్టుకొనియుండువారు కనబడుదురు. మేమును అటులే కూర్చుంటిమి. ఒకనాడు మా ప్రక్కన కూర్చున్న యొక వృద్ధురాలు, వకీలునకు ఇచ్చుటకు సొమ్ము లేక కన్నీరు పెట్టుకొనుచుండెను. ఒక గుమాస్తా ఆమెను న్యాయసేవల కార్యాలయమునకు తోడ్కొనిపోయెను. 1987వ సంవత్సరపు న్యాయసేవా ప్రాధికార సంస్థల చట్టము క్రింద స్త్రీలకును, పిల్లలకును, షెడ్యూల్డు కులములవారికిని తెగలవారికిని, వికలాంగులకును ఆదాయముతో నిమిత్తము లేకయే ఉచితముగ వకీలును ఏర్పఱుతురు. ఈ సంగతి తెలియక హక్కును వదలుకొనువారు పెక్కుమంది కలరు.

మా దావాలో పెక్కు వాయిదాలు గడచినమీదట, స్థలమును కొలిపించుటకు కోర్టువారు ఒక వకీలుగారిని కమీషనరుగ నియమించిరి. ఆయన ఉభయులకును నోటీసు ఇచ్చి, సర్వేయరుతో వచ్చిరి. కొలత గొలుసు ఒక కొసను మా తమ్ముడును రెండవ కొసను పొరుగువారి కుమారుడును పట్టుకొనిరి. దస్తావేజులోని కొలతల ప్రకారము గోడ ఒకటిన్నర అడుగు మావైపునకు వచ్చినట్లు అందఱి యెదుటను తేలినది. అన్ని నెలల వాదములవలన తేలనిది ఒక్క పూటలో తేలినది. ఆనాడు పొరుగింటి యజమాని చాలసేపు మాటాడక నిలువబడి, తుదకు మా తల్లిగారిని మంచినీళ్లడిగిరి. ఆమె లోనికిపోయి మజ్జిగ తెచ్చియిచ్చిరి.

పిమ్మట విచారణకు పట్టుపట్టక ఇరుపక్షములవారమును 2017వ సంవత్సరమున లోక్ అదాలతునకు వెళ్లితిమి. వారు గోడను పాతహద్దుమీద తిరిగి కట్టించుటకును, ఖర్చు చెఱిసగము భరించుటకును, వారి కప్పునుండి పడు వాననీరు మా ప్రక్కగా వీధికాలువలోనికి పోవుటకు మేము దారి ఇచ్చుటకును రాజీ కుదిరినది. లోక్ అదాలతులోని పరిష్కారము సివిలు కోర్టు డిక్రీతో సమానము. దానిపై అప్పీలు లేదు. చెల్లించిన కోర్టు రుసుము చట్టప్రకారము తిరిగి యిత్తురు.

ఓడినవాడు కోర్టులో ఏడ్చును, గెలిచినవాడు ఇంటికి పోయి ఏడ్చునని మన పెద్దలు చెప్పుదురు. కాలహరణమును తలంచినచో ఆ మాట నిజమే. కాని న్యాయస్థానమే లేకున్నచో బలవంతుని మాటయే హద్దుగా నిలిచియుండెడిది. మా యిరువురికిని చెందని యొకరు వచ్చి, మా యిరువురి యెదుటనే కొలుచుటవలననే ఆ కొలత నమ్మదగినదయ్యెను. దానిని నమ్మినందుననే రాజీ సాధ్యమయ్యెను.

బాలబాలికలారా! ఇంటి దస్తావేజులు ఎక్కడ నున్నవో మీ తలిదండ్రులనడిగి తెలిసికొనుడు. తడియని తావున భద్రపఱుపుడు. తగవు వచ్చినపుడు మొదటనే ఎదుటివారిని పిలిచి, వారి యెదుటనే కొలిపించుడు. అప్పటికిని తీరనిచో న్యాయస్థానమునకు వెళ్లుట సిగ్గు కాదు. అచ్చటినుండి తిరిగివచ్చిన పిమ్మటకూడ ఆ పొరుగువారి ప్రక్కనే బ్రదుకవలెనని మాత్రము మఱవకుడు.