శ్రీశైలం దారిలో ఒక దావా నంబరు

మూడు సంవత్సరాల తర్వాత మేము మళ్ళీ ఒక సదస్సుకు స్వయంగా ప్రయాణమయ్యాము. న్యాయస్థానాలలో సాంకేతిక పరిజ్ఞానాన్ని ఎట్లా వినియోగించాలి అనే అంశంపై హైదరాబాదులో రెండు రోజులపాటు జరిగిన సదస్సు అది. న్యాయవాద వృత్తిలో ఉన్న దంపతులము కనుక ఇటువంటి సమావేశాలు మాకు కొత్త కాదు. అయితే 2020 మార్చి నుంచి అవన్నీ మా ఇంటి గదిలోనే, కంప్యూటరు తెర మీదనే జరిగిపోయాయి. ఉపన్యాసం వింటూ మధ్యలో లేచి పొయ్యి మీది పాలు దించుకున్న రోజులు కూడా ఉన్నాయి. వెళ్ళకుండానే అంతా తెలుస్తున్నప్పుడు ఇంత దూరం ప్రయాణించడం అవసరమా అని ఇద్దరమూ తర్జనభర్జన పడి, చివరకు వెళ్ళాలనే నిర్ణయించుకున్నాము.

మా ఊరు ఆత్మకూరు. హైదరాబాదు వెళ్ళేవారు సాధారణంగా కర్నూలు చేరి జాతీయ రహదారి పట్టుకుంటారు. మేము మాత్రం శ్రీశైలం దారి ఎంచుకున్నాము. కారణం మా మేనత్త. ఆమెకు హైదరాబాదులో కంటి పరీక్ష చేయించవలసి ఉంది. "ఎట్లాగూ పోతాండాము కదా నాయనా, ఆ డ్యాము దారిలో పోదాం. కండ్లు ఉన్నప్పుడే ఒకసారి చూడాల" అని ఆమె కోరారు. డెబ్బయి అయిదు దాటిన మనిషి అడిగిన ఆ చిన్న కోరికను మేము కాదనలేకపోయాము.

ఫజ్ర్ నమాజు ముగించుకుని బయలుదేరాము. నల్లమలలో పులుల అభయారణ్యం ఉన్నందువల్ల రాత్రి 9 గంటల నుంచి ఉదయం 6 గంటల వరకు అడవి దారులలో వాహనాలను అనుమతించరు. మేము చేరేసరికి చెక్‌పోస్టు దగ్గర నాలుగైదు వాహనాలు గేటు ఎప్పుడు ఎత్తుతారా అని ఎదురుచూస్తున్నాయి. బైర్లూటి దాటాక అడవి దట్టమైంది. దోర్నాలలో టీ తాగి, శ్రీశైలం ఘాటు రోడ్డు ఎక్కాము.

ఇప్పుడు కొన్ని గంటలలో ముగిసే ఈ ప్రయాణం ఒకప్పుడు ఎంత కష్టమో తెలుసుకోవాలంటే ఏనుగుల వీరాస్వామయ్య గారి కాశీయాత్ర చరిత్ర చదవాలి. ఆయన 1830 మే 18న మద్రాసు నుంచి బయలుదేరి, మా ఆత్మకూరు మీదుగానే శ్రీశైలం వెళ్ళారు. మా వృత్తివారికి ఆయన మీద ఒక ప్రత్యేక అభిమానం ఉంది. ఆయన మద్రాసు సుప్రీంకోర్టులో ద్విభాషి. తెలుగు మాట్లాడే కక్షిదారుకూ, ఇంగ్లీషు తప్ప తెలియని న్యాయమూర్తికీ మధ్య నిలబడి, ఒకరి మాటను మరొకరికి చేర్చడమే ఆయన ఉద్యోగం. శ్రీశైల యాత్రికుల నుంచి ఆనాటి కందనూరు నవాబు వసూలు చేయించిన పన్నుల సంగతి కూడా ఆయన దాచకుండా రాశారు. పాలకుడు ముస్లిం కదా అని ఆ సంగతిని మనం మరుగుపరచడం తగదు. సాక్ష్యం స్వయంగా తమకూ, తల్లిదండ్రులకూ, బంధువులకూ వ్యతిరేకమైనా సరే, న్యాయం కోసం నిలబడవలసిందేనని దివ్య ఖుర్ఆన్ (4:135) విశ్వాసులను ఆదేశించింది.

శ్రీశైలం ఇంకా రెండు కిలోమీటర్లు ఉందనగా సాక్షి గణపతి ఆలయం వస్తుంది. దారి పక్కన పూలు, కొబ్బరికాయల అంగళ్ళు, ఆగిన బస్సులు. అక్కడి విగ్రహం చేతిలో కలము, పుస్తకము ఉంటాయి. శ్రీశైలం వచ్చిన ప్రతివారి రాకనూ ఆ పుస్తకంలో నమోదు చేసి, రేపు వారి తరఫున సాక్ష్యం పలుకుతారని హిందూ సోదరుల విశ్వాసం. అందుకే యాత్రికులు ఇక్కడ ఆగి, తమ పేరు, గోత్రం చెప్పుకుని వెళతారు. మా విశ్వాసం వేరు. ప్రతి మనిషి వెంటా గౌరవనీయులైన లేఖకులు ఉండి, చేసినదంతా రాస్తున్నారని మేము నమ్ముతాము. అయినా స్వయంగా రావడం ఒక విలువైన సంగతి అని, దానిని ఎవరో ఒకరు రాసి ఉంచాలని, రాసినవారు రేపు పలకాలని మనుషులు ఎంతగా కోరుకుంటారో ఆ మలుపులో మాకు అర్థమైంది. నోరు లేని కాగితానికి సాక్షి, మాట నిలవని సాక్షికి కాగితం తోడు కావాలి. కోర్టులలో మేము రోజూ చేసే పని అదే కదా!

శ్రీశైలం 2022 ఏప్రిల్ నుంచి నంద్యాల జిల్లాలో ఉంది. అంతకు ముందు కర్నూలు జిల్లా. ఆలయ పట్టణాన్ని పక్కన పెట్టి సున్నిపెంట మీదుగా ఆనకట్ట వైపు దిగాము. ప్రాజెక్టు కట్టేవారి కోసం వెలసిన ఊరు సున్నిపెంట. కొండల నడుమ లోతైన ఇరుకులో కృష్ణానదికి అడ్డంగా నిలిచిన గోడ కనబడగానే మా అత్త కారు ఆపమన్నారు. 1963లో శంకుస్థాపన జరిగిన ఈ ఆనకట్ట పొడవు 512 మీటర్లు, గేట్లు 12, పూర్తిస్థాయి నీటిమట్టం 885 అడుగులు. కుడిగట్టున 770, ఎడమగట్టున 900 మెగావాట్ల విద్యుత్తు ఉత్పత్తి చేయగల కేంద్రాలు ఉన్నాయి. రాయలసీమ కాలువలకు నీరు ఇచ్చేదీ, రాష్ట్రాలకు వెలుగు ఇచ్చేదీ ఈ జలాశయమే. దానికి మూల్యం చెల్లించినవారు వందకు పైగా గ్రామాలలోని లక్షమందికి పైగా ప్రజలు. 1981 వేసవిలో కర్నూలు, మహబూబ్‌నగర్ జిల్లాల నదీతీర గ్రామాలను ఖాళీ చేయించారు. నందికొట్కూరు తాలూకాలోని మా అత్త మెట్టినిల్లు అందులో పోయింది.

ఆమె చాలాసేపు నీటిని చూసి, "మా ఊరు ఈడ లేదు నాయనా, ఇంకా పైన శానా దూరం. నీళ్ళు మాత్రం అవే నీళ్ళు" అన్నారు. అంతకు మించి ఆ పూట ఏమీ మాట్లాడలేదు.

ఇక్కడ ఆమె కుటుంబం సంగతి చెప్పాలి. భూమికి ప్రభుత్వం ఇచ్చిన పరిహారం చాలలేదని మా మామయ్య 1894 నాటి భూసేకరణ చట్టం 18వ సెక్షను కింద కోర్టుకు వెళ్ళారు. సంవత్సరాల తరబడి తిరిగాక కొంత పెంచుతూ తీర్పు వచ్చింది. తాము శ్రీశైలం నిర్వాసితులమని చూపడానికి ఆ కుటుంబం దగ్గర మిగిలిన చివరి కాగితం ఆ తీర్పు నకలే. నిర్వాసిత కుటుంబంలో ఒకరికి ఉద్యోగం ఇవ్వాలన్న 1986 నాటి 98వ నంబరు జీవో కోసం ఎందరో దశాబ్దాలుగా తిరిగారు. మా అత్త కొడుకులూ తిరిగారు. 2009 అక్టోబరులో కర్నూలును వరద ముంచినప్పుడు వారి అద్దె ఇంట్లోని పెట్టెలో ఉన్న ఆ నకలు తడిసి ముద్దయింది. ఊరు ఒకసారి మునిగింది, ఊరి సాక్ష్యం రెండోసారి మునిగింది. మామయ్య అప్పటికే చనిపోయారు. దావా నంబరు ఎవరికీ తెలియదనే మేమందరమూ అనుకుంటూ వచ్చాము.

ఆనకట్ట కింది వంతెన దాటితే తెలంగాణ. ఈగలపెంట, దోమలపెంట, వటవర్లపల్లి, మన్ననూరు. దారిలో ఫరహాబాద్ ఒకటి. ఫరహ్ అంటే ఆనందం. ఈగలకూ దోమలకూ ఆనందానికీ ఒకే అడవిలో చోటు దొరికిందని మేము నవ్వుకున్నాము. మధ్యాహ్నానికి హైదరాబాదు చేరాము.

సదస్సులో విన్న విషయాలు మేలైనవే. 2020 ఏప్రిల్ 6న సుప్రీంకోర్టు వీడియో విచారణలకు మార్గదర్శకాలు ఇవ్వకపోతే ఆనాడు న్యాయస్థానాల తలుపులు పూర్తిగా మూతపడి ఉండేవి. ఈ-కోర్టుల పథకం మూడో దశకు 2023లో కేంద్రం 7,210 కోట్ల రూపాయలు కేటాయించింది. ప్రతి కేసుకూ 16 అక్షరాలు, అంకెల ప్రత్యేక సంఖ్య ఉంది. అది తెలిస్తే వాయిదా ఎప్పుడో పల్లెటూరి రైతు కూడా ఫోనులో చూసుకోగలడు. వీరాస్వామయ్య గారు చేసిన పనికి ఇప్పుడు యంత్రం కూడా సాయపడుతోంది. తీర్పులను తెలుగుతో సహా దేశభాషలలోకి మార్చే 'సువాస్' అనే సాధనాన్ని సుప్రీంకోర్టు 2019లో ప్రవేశపెట్టింది. 2023లో తెలంగాణ హైకోర్టు ఒక తీర్పును తెలుగులోనే వెలువరించింది. మా రాయలసీమవారికి తెర మీది విచారణ ఎంత ఉపకారమో చెప్పనవసరం లేదు. కర్నూలు నుంచి అమరావతిలోని హైకోర్టుకు మూడు వందల కిలోమీటర్ల పైచిలుకు దారి. పది నిమిషాల వాయిదాకు రెండు రోజుల కూలి పోగొట్టుకునే మనిషికి ఆ తెర ఒక వరమే.

అయినా ఆ వరం అందరికీ ఒకే విధంగా అందలేదు. మా కక్షిదారు ఒక వృద్ధురాలు ఆ రోజులలో మనవడి ఫోను ముందు కూర్చుని విచారణకు హాజరయ్యారు. ఆమె మాట్లాడుతూనే ఉన్నారు. శబ్దం మాత్రం అవతలికి చేరలేదు. వాయిదా పడింది. తన మాట విన్నారనే ఆమె నెల రోజులు నమ్మారు. హజ్రత్ అలీ (రజి)ని యమన్‌కు న్యాయనిర్ణేతగా పంపుతూ, రెండో పక్షం మాట కూడా వినేవరకు తీర్పు చెప్పవద్దని మహాప్రవక్త ముహమ్మద్ (స) ఉపదేశించారు. వినడం అంటే మాట చెవికి చేరిందో లేదో చూసుకోవడం కూడా అని ఆ వృద్ధురాలిని తలచుకున్నప్పుడల్లా మాకు అనిపిస్తుంది.

మాకు పనికివచ్చిన మాట వేదిక మీద నుంచి రాలేదు. రెండో రోజు టీ విరామంలో, కప్పు పట్టుకుని గోడకు ఆనుకుని నిలబడిన ఒక పెద్దమనిషి పలకరించారు. ఆయన వేరొక జిల్లా కోర్టులో రికార్డు గదిలో పనిచేసి పదవీ విరమణ చేసినవారు. మాటల మధ్య మా అత్త తీర్పు సంగతి చెప్పాము. ఆయన కప్పు కింద పెట్టి అడిగారు: "నంబరు ఉందా సార్?" లేదన్నాము. "అయితే ముందు నంబరు సంపాదించండి. స్కానింగులో ముందు నడుస్తున్న కేసులు పోతాయి. పరిష్కారమైన పాత కట్టల్లో కొన్ని కాగితాలు శాశ్వతంగా ఉంచుతారు, కొన్ని గడువు తీరాక చట్టప్రకారమే తీసేస్తారు. మీది ఏ కట్టలో ఉందో, కోర్టులు విడిపోయినప్పుడు ఎక్కడికి మారిందో నంబరు లేకుండా ఎవరూ చెప్పలేరు. వెంటనే సర్టిఫైడ్ కాపీకి దరఖాస్తు పెట్టండి, ఆలస్యం చేయకండి."

మూడేళ్ళపాటు తెర మీద ఎన్నో ఉపన్యాసాలు విన్నాము. ఈ మాట ఎవరూ చెప్పలేదు. చెప్పకపోవడం వారి తప్పు కాదు. అడగడానికి మేము అక్కడ లేము. టీ కప్పుతో పక్కన నిలబడిన మనిషికి చెప్పుకునే మాట, నలుగురు వింటున్న తెర మీద చెప్పుకోలేము.

మూడోనాడు అదే దారిలో తిరిగి వచ్చాము. జుహ్ర్ వేళకు ఆనకట్ట దగ్గరకు చేరాము. చెట్టు నీడలో చాప పరచి నమాజు చేసుకున్నాక, మేము పెద్ద ఆశ లేకుండానే అత్తను అడిగాము. "మామయ్య దావా నంబరు నీకేమన్నా గుర్తుందా అత్తా?"

ఆమె ఒక్క క్షణం కూడా ఆగలేదు. నంబరు, సంవత్సరం, ఏ కోర్టు అన్నది గడగడా చెప్పేశారు. మేము నిర్ఘాంతపోయాము.

"ఇన్నేండ్లూ ఎందుకు చెప్పలేదు అత్తా?"

"మీరు అడిగితిరా నాయనా? కాగితం పోయింది కాగితం పోయింది అంటా ఉంటిరి. నాకు సదువు రాదు. నేను పోయినా నీవు మరిచిపోవద్దని మీ మామ నాచేత అప్పజెప్పించినాడు, కల్మా నేర్పించినట్ల."

ఆమె ముగ్గురు కొడుకులూ, న్యాయవాదులమని చెప్పుకునే మేమూ కాగితం కోసం వెతికాము. కాగితానికి సాక్షిగా ఇంట్లో కూర్చున్న మనిషిని ఒక్కసారీ అడగలేదు. అప్పు ఇచ్చిపుచ్చుకునేటప్పుడు రాసుకోవాలని, సాక్షులను పెట్టుకోవాలని, పిలిచినప్పుడు సాక్షులు రాకుండా ఉండకూడదని బఖరా సూరాలోని 282వ ఆయతు ఉద్బోధిస్తుంది. ఖుర్ఆన్‌లో అన్నిటికంటె పొడవైన ఆయతు అదే. ఉపన్యాసాలలో దానిని ఎన్నిసార్లు ఉదహరించామో! సాక్షి రావాలంటే ముందు పిలవాలి కదా అన్నది ఆనాడు ఆనకట్ట ముందు మాకు తట్టింది.

అక్కడే, ఆ చాప మీదనే, ఆమె చెప్పినదంతా రాసుకున్నాము. నంబరుతో ఆగలేదు. వారి వీధిలో మసీదు నుంచి నది వరకు ఏ ఇల్లు ఎవరిదో, ఏ బావి ఎక్కడ ఉండేదో, చాకలి ఇల్లు, కోమటి అంగడి, పీర్ల చావిడి, రాములవారి గుడి వరుసగా చెప్పారు. ఫోనులో ఆమె గొంతును కూడా భద్రపరచాము. మాట మధ్యలో కొన్ని ఇండ్ల దగ్గర ఆగి, వారు ఇప్పుడు ఎక్కడ ఉన్నారో తెలియదన్నారు. రాసిన కాగితం కింద ఆమె వేలిముద్ర, సాక్షులుగా మా ఇద్దరి సంతకాలు, తేదీ పెట్టాము. అది కోర్టులో ఏ మేరకు నిలుస్తుందన్నది వేరే సంగతి. ఆ ఇంటి పిల్లలకు తమ ఊరు ఎట్లా ఉండేదో తెలుస్తుంది.

ఊరు చేరిన మరునాడే కాపీ కోసం దరఖాస్తు వేశాము. రిజిస్టరులో ఆ నంబరు దొరికింది. మా మామయ్య పేరు, ఎదురుగా తీర్పు తేదీ ఉన్నాయి. కట్ట కోసం వెతుకుతున్నారు. ఇది రాసేనాటికి ఇంకా చేతికి అందలేదు. ఇన్ షా అల్లాహ్, అందితే మొదట అత్తకే చూపుతాము.

పాఠక సోదర సోదరీమణులకు మా మనవి ఒకటే. మీ ఇంట్లోనూ పెద్దవారు ఉంటారు. పట్టా నంబరో, దావా నంబరో, నికాహ్‌నామా మీది మెహర్ మొత్తమో, పొలం గట్టు మీది రాయి సంగతో వారి నోట ఉండవచ్చు. ఫోనులో సందేశం పంపి ఊరుకోకండి. వెళ్ళి పక్కన కూర్చోండి. అడగండి, రాసుకోండి, ఇద్దరు సాక్షుల చేత సంతకం పెట్టించండి.

మా అత్త కంటికి వచ్చే నెల శస్త్రచికిత్స. ఈసారి కూడా శ్రీశైలం దారిలోనే పోదామని ముందుగానే చెప్పి ఉంచారు.