వాల్వు మార్చాక మూడో రోజు

ఆపరేషన్ బాగా జరిగిందని డాక్టరుగారు చెప్పగానే ఇంటిల్లిపాదీ ఊపిరి పీల్చుకుంటారు కదా, సరిగ్గా రెండో రోజో మూడో రోజో మానిటర్ మోగడం మొదలుపెడుతుంది. నాడి 140, అదీ ఒక వరసలో లేదు. "కొత్త వాల్వు పనిచెయ్యట్లేదా అమ్మా?" అని నర్సును పట్టుకుని అడుగుతారు. భయపడకండి. చాలామందిలో ఆ దడకు కారణం వాల్వు పాడవడం కాదు, గుండె వాచి ఉండటం.

వాపెందుకంటారా? ఆపరేషన్ సాగినంతసేపూ ఒంట్లో రక్తమంతా హార్ట్-లంగ్ మెషిన్ ప్లాస్టిక్ గొట్టాల్లోంచి తిరిగొస్తుంది. ఆ పరాయి గోడ తగలగానే తెల్లకణాలు దండెత్తుతాయి. పైగా గుండెను ఆపి, కోసి, కుట్టి, మళ్లీ నడిపించారాయె. రక్తపరీక్షలో వాపును చూపే సీఆర్‌పీ పెరుగుతూ పోయి రెండు మూడు రోజులకు తారస్థాయికి చేరుతుంది. దడ వచ్చేదీ ఆ రోజుల్లోనే. వాచిన పై గదుల్లో కరెంటు ఒక దారిన పోక చెదిరిపోతుంది. అదే ఎట్రియల్ ఫిబ్రిలేషన్. వాల్వు ఆపరేషన్ అయినవాళ్లలో సుమారు ముగ్గురిలో ఒకరికి వస్తుంది.

చిన్నప్పుడు కీళ్లవాత జ్వరం వచ్చి మైట్రల్ వాల్వు బిగుసుకుపోయినవాళ్లు మన దగ్గర ఎక్కువ. ఎడమ పై గది ఏళ్ల తరబడి సాగిపోయి, చాలామందికి ఆపరేషన్‌కు ముందే లయ తప్పి ఉంటుంది. వాల్వు మార్చినంత మాత్రాన అది కుదుటపడదు.

నాకు బాగా నచ్చిన సంగతి ఒకటి చెప్తాను. ఆపరేషన్ తర్వాత గుండె చుట్టూ ఉన్న సంచిలో కాస్త రక్తం నిలిచిపోయి వాపును ఎగదోస్తుంది. న్యూయార్క్ సర్జన్లు ఆ సంచికి వెనకవైపు చిన్న గాటు పెట్టి, రక్తం ఊపిరితిత్తి పక్కనున్న ఖాళీలోకి జారిపోయేలా చేశారు. బైపాస్, అయోర్టిక్ వాల్వు వంటి ఆపరేషన్లకు వచ్చిన 420 మందిలో చూశారు. గాటు లేనివాళ్లలో 32 శాతానికి ఫిబ్రిలేషన్ వస్తే, గాటు పెట్టినవాళ్లలో 17 శాతానికే వచ్చింది. 2021లో లాన్సెట్ పత్రిక ప్రచురించింది. పైసా ఖర్చు లేని గాటుకు ఇంత ఫలితమా అని ఇప్పటికీ ఆశ్చర్యమే నాకు!

అయోర్టిక్ వాల్వు సంగతి వేరు. గుండె కరెంటు దారి దాని అంచునే పోతుంది. అక్కడ వాచినా నలిగినా నాడి నెమ్మదిస్తుంది. కొన్నాళ్లు తాత్కాలిక తీగలతో నడిపి, అప్పటికీ తేరుకోకపోతే పేస్‌మేకర్ పెడతారు. తొడలోంచి పంపే టావీ వాల్వుకు ఈ అవసరం ఇంకా ఎక్కువ.

కొత్తగా వచ్చిన దడ చాలామందికి ఆరేడు వారాల్లో సర్దుకుంటుంది. ఈలోగా రక్తం గడ్డకట్టి మెదడుకు పోకుండా అసిట్రామో వార్ఫరినో ఇస్తారు. మెకానికల్ వాల్వు అయితే జీవితాంతం వేసుకోవాల్సిందే. గోంగూర, తోటకూర మానెయ్యమని ఎవరో ఒకరు చెప్తారు. మానక్కర్లేదండీ, వారం వారం ఒకే మోతాదులో తినండి, రక్తం గడ్డకట్టడానికి పట్టే సమయాన్ని చెప్పే ఐఎన్‌ఆర్ నిలకడగా ఉంటుంది. మోకాళ్ల నొప్పులకని మందులషాపులో డైక్లోఫెనాక్ మాత్రం కొని మింగకండి, రక్తస్రావమయ్యే ప్రమాదం ఉంది. పొద్దున్నే మణికట్టు మీద రెండు వేళ్లు ఆనించి నిమిషంపాటు నాడి చూసుకోండి. వరస తప్పినట్టు తోచినా, కొన్ని వారాలకు జ్వరమో ఛాతీనొప్పో వచ్చినా తర్వాతి చెకప్ దాకా ఆగొద్దు, ఆ రోజే ఆసుపత్రికి వెళ్లి ఈసీజీ తీయించుకోండి.