కుండ, చేట, విల్లు

కుదురు మీద కుండ, కుండ మూతి మీద చేట, చేట మీద ఆనించిన విల్లు. బస్తర్‌లో 'ధనకుల్' అనే వాద్యం ఇంతే. ఒక చేత నారిని మీటుతూ, రెండవ చేత వెదురు పుల్లతో వింటిపై గంట్లను గీస్తూ పాడే స్త్రీని 'గురుమాయి' అంటారు. కొండగావ్ ప్రాంతపు గురుమాయి సుక్దాయి అట్టి గాయని. ఆపెరా గాయకునికి గానశాల, వాద్యబృందం ఉండాలి. ఈమెకు పిలిచిన వారి ఇల్లు చాలు.

ఆమె పాడిన హల్బీ గాథ 'లచ్మీ జగార్' రోజుల తరబడి సాగుతుంది. అందులో లక్ష్మి అంటే వరి. పొలం నుండి వరి వెన్నులను పెండ్లికూతురుగా తెచ్చి నారాయణునితో వివాహం జరిపిస్తారు. కనుక గాయని నడుమ ఒక ఘట్టం మరచినదా, చెడేది కచేరీ కాదు, పెండ్లి! అంత భారాన్నీ మోసేది జ్ఞాపకశక్తి ఒక్కటే.

కొండగావ్ రచయిత హరిహర్ వైష్ణవ్, మానవశాస్త్రజ్ఞుడు క్రిస్ గ్రెగరీ కలసి ఈ గాథను 2003లో గ్రంథంగా వెలువరించారు. జానపద సంకలనాలలో సేకర్త పేరు మిగిలి, పాడినవారి పేరు మరుగున పడడం పరిపాటి. ఈ గ్రంథానికి మాత్రం శీర్షికలోనే సుక్దాయి పేరు ఉన్నది.