పొట్టి కాళ్ళ చుట్టాలు

మా వీధికి వచ్చే ఆటోవాళ్ళకు డోర్ నంబరు చెప్పనక్కరలేదు. "ఉద్ద నాయి మనె" అంటే చాలు, తెచ్చి మా గేటు ముందు దింపుతారు. కన్నడంలో పొడుగు కుక్కల ఇల్లు అని అర్థం. మా మామగారి తాతగారు కడప జిల్లా నుంచి బెంగుళూరు వచ్చి బట్టల కొట్టు పెట్టుకున్న రోజుల్లో ఇది కొట్టువారి ఇల్లు. నేను కోడలిగా వచ్చి బడిలో లెక్కలు చెప్పడం మొదలుపెట్టాక టీచరమ్మ ఇల్లు. ఇప్పుడు ఈ పేరు స్థిరపడింది. మావారు మాత్రం "నాలుగు తరాల పరువు నాలుగు కుక్కల పాలయింది" అని నవ్వుతారు. నవ్వుతూనే వాటికి అన్నం కలుపుతారు.

పొడుగు కుక్కలంటే డాక్సుండ్ జాతివి. ఇళ్ళలో వద్దనుకున్నవాటిని, రోడ్డు మీద వదిలేసినవాటిని చేరదీసి, వైద్యం చేయించి, మంచి ఇల్లు చూసి అప్పగించడం మా పని. సంస్థ అనడానికి పెద్ద బోర్డేమీ లేదు. రిటైరయిన నేను, మావారు, పక్కవీధి తమిళ మామి, కాలేజీలో చదివే ఒక కన్నడ అమ్మాయి, కుక్కను ఎక్కించుకోవడానికి ముఖం చిట్లించని ఒక ఆటో ఆయన. వెనక వరండా, దాని పక్కన సామాన్ల గది, ఒక బౌండు నోటుబుక్కు. ఆ నోటుబుక్కు ఇప్పుడు రెండోది నడుస్తోంది. ఒకేసారి అయిదింటికి మించి ఉంచరాదని మా అత్తగారి శాసనం. దానికి అప్పీలు లేదు.

ఈ కుక్క పుట్టిల్లు జర్మనీ. అక్కడి భాషలో 'డాక్స్' అంటే బొరియల్లో ఉండే బ్యాడ్జర్ అనే జంతువు, 'హుండ్' అంటే కుక్క. బొరియలో దూరి వేటాడడానికి వీలుగా పొట్టి కాళ్ళు, పొడుగు నడుము వచ్చేలా తరతరాలుగా పెంచారు. 1888లోనే అక్కడ ఈ జాతికి ప్రత్యేకంగా సంఘం పెట్టుకున్నారు. 1972 మ్యూనిక్ ఒలింపిక్స్‌కు చిహ్నంగా నిలిచిన 'వాల్డీ' ఈ కుక్క బొమ్మే. ఇంత ఘనచరిత్ర ఉన్న జీవి మన ఊళ్ళో అపార్ట్‌మెంటు బాల్కనీలో కూర్చుని పావురాలను చూసి మొరుగుతుంది. తులసికోటలో మట్టి తవ్వేసిందని మాకు ఫోను వస్తుంది. తవ్వక ఏం చేస్తుంది పాపం? దాని కులవృత్తే అది.

వదిలించుకోవాలనుకునేవారు చెప్పే కారణాలు నోటుబుక్కులో ఒక పక్కగా రాసి పెడతాను. ఉద్యోగం విదేశానికి మారింది. కోడలికి నెలలు నిండాయి. కొత్త ఫ్లాటులో అసోసియేషన్‌వాళ్ళు ఒప్పుకోరట. ఈ చివరి మాట విన్నప్పుడు, పెంపుడు కుక్కలను అసోసియేషన్లు నిషేధించరాదని జంతు సంక్షేమ మండలి 2015లోనే చెప్పిందని నెమ్మదిగా గుర్తు చేస్తాను. సగంమంది అక్కడితో ఆలోచించుకుంటారు. ఫోను కూడా చేయకుండా రాత్రిపూట మా గేటుకు కట్టేసి పోయేవారూ ఉన్నారు. తిండీ నీళ్ళూ లేక అలమటించేలా జంతువును వదిలేయడం 1960 నాటి చట్టం ప్రకారం నేరమని వారికి చెప్పుదామంటే మనిషి కనబడడు. గొలుసు చివర కుక్క మాత్రం కనబడుతుంది.

వచ్చిన కుక్కను మేము మొదట అడిగే ప్రశ్న "నీ మాతృభాష ఏది?" అని. నవ్వకండి. "బా" అంటే చెవులు నిక్కబొడిస్తే కన్నడ ఇల్లు. "వా" అంటే తమిళం. "ఆజా" అంటే హిందీయో ఉర్దూయో. ఒకసారి ఎర్రరంగు ఆడకుక్క వచ్చింది. మూడు రోజులు గది మూల నుంచి కదల్లేదు, గిన్నె ముట్టలేదు. ఎవరు ఏ భాషలో పిలిచినా తల ఎత్తలేదు. మా ఇంట్లో కుక్కలను పిలిచేది కన్నడంలోనో ఇంగ్లీషులోనో కాబట్టి తెలుగు ఎవరికీ తోచలేదు. నాలుగో రోజు మా అత్తగారు గుమ్మం దగ్గర నిలబడి, "ఏమే మొండిదానా, అన్నం ముందర పెట్టుకోని అలిగితే ఎట్లా? తిను!" అని కసిరారు. కుక్క దిగ్గున లేచింది. తోక ఊపుకుంటూ వచ్చి ఆవిడ కాళ్ళ దగ్గర కూలబడింది. "అయ్యో, మనవాళ్ళ పిల్లే!" అన్నారు అత్తగారు. సొంత భాష చెవిన పడకపోతే ప్రాణం ఎట్లా కొట్టుకుంటుందో, బయటి రాష్ట్రాల్లో కాపురాలు చేస్తున్న మనకు ఒకరు చెప్పాలా?

ఇదే అత్తగారు మొదట్లో ఈ పనికి ససేమిరా అన్నారు. ఆవిడకు ఇప్పుడు ఎనభై నాలుగేళ్ళు. మడి, దేవతార్చన, రోజూ సాయంత్రం భారతం పారాయణ. మొదటి కుక్క వచ్చిన వారం ఆవిడ నాతో మాట్లాడలేదు. ఒక సాయంత్రం నన్నయగారి ఆదిపర్వం తెరిచారు. మొదట్లోనే సరమ కథ. జనమేజయుడు యాగం చేస్తుంటే సరమ కొడుకు ఆడుకుంటూ అటు వస్తాడు. ఏ తప్పూ చేయని ఆ కుక్కపిల్లను రాజు తమ్ముళ్ళు కొడతారు. తల్లి సరమ రాజు దగ్గరికే వచ్చి న్యాయం అడుగుతుంది. నిరపరాధులకు కీడు చేసేవారికి అనుకోని ఆపదలు వస్తాయని హెచ్చరించి పోతుంది. ఆవిడ చాలాసేపు పుస్తకం మూయలేదు. తరవాత నా వైపు తిరిగి, "భారతానికి మొదట్లో కుక్క, చివర్లో ధర్మరాజు వెంట కుక్క. నడుమ ఉన్నదంతా మనుషుల కొట్లాటే కదే అమ్మాయీ" అన్నారు. వెనక వరండా మంజూరయింది. వంటింటి గడప, దేవుడి గది మాత్రం ఈ రోజుకీ నిషిద్ధమే. కుక్కలకు కూడా ఆ సంగతి తెలుసు.

ఇక అసలు కష్టం చెబుతాను. ఈ జాతికి అందం తెచ్చిన ఒడ్డూ పొడుగే శాపం కూడా. వెన్నుపూసల మధ్య మెత్తని బిళ్ళలుంటాయి. వీటిలో అవి చిన్న వయసులోనే గట్టిపడిపోతాయి. దానికి కారణమైన జన్యువును శాస్త్రజ్ఞులు 2017లో గుర్తించారు. గట్టిపడిన బిళ్ళ జారి నరాల మీద ఒత్తితే నొప్పి, తూలడం, చివరకు వెనక కాళ్ళు పడిపోవడం. ప్రతి నాలుగైదు డాక్సుండ్‌లలో ఒకదానికి ఎప్పుడో ఒకప్పుడు ఈ బాధ వస్తుంది. మూడు నుంచి ఏడేళ్ళ మధ్య ఎక్కువ. కాలివేలు గట్టిగా నొక్కినా తెలియని స్థితి వస్తే ఒకటి రెండు రోజుల్లోపలే ఆపరేషన్ కావాలి. స్పర్శ మిగిలి ఉంటే, మందులతో పాటు చిన్న బోనులో నాలుగు నుంచి ఆరు వారాలు కదలకుండా ఉంచితే చాలావరకు కోలుకుంటాయి.

రాజా అనే ఆరేళ్ళ నల్లకుక్క అట్లా వచ్చింది. వెనక కాళ్ళు ఈడ్చుకుంటోంది. ఇంటివాళ్ళు దాన్ని శాశ్వతంగా నిద్రపుచ్చే ఇంజెక్షను కోసం డాక్టరు దగ్గరికి తీసుకొచ్చారు. డాక్టరుగారు మాకు ఫోను చేశారు. ఇంటాయన చెడ్డవాడు కాడు. లిఫ్టు లేని మూడో అంతస్తు, భార్యాభర్తలిద్దరికీ షిఫ్టు ఉద్యోగాలు. "మా వల్ల కాదమ్మా" అని కళ్ళు తుడుచుకున్నాడు. కారులో ఎనిమిదేళ్ళ కొడుకు ఏడుస్తున్నాడు. డాక్టరు వేలు నొక్కగానే రాజా తల తిప్పి చూసింది. స్పర్శ ఉంది. ఆయన కాగితం మీద సంతకం పెట్టి కుక్కను మాకు ఇచ్చేశాడు.

ఆరు వారాలు మా ఇంట్లో ఎవరూ సరిగా నిద్రపోలేదు. దానికదే మూత్రం పోయలేదు. పగలూ రాత్రీ కొన్ని గంటలకోసారి పొట్ట నొక్కి పోయించాలి. ఆ విద్య మావారు డాక్టరు దగ్గర నేర్చుకున్నారు. నేను పాత అలవాటు కొద్దీ పట్టిక గీసి అన్నీ రాసుకున్నాను. పంతొమ్మిదో రోజు తోక కదిలింది. ముప్పై ఒకటో రోజు వెనక కాళ్ళ మీద నిలబడి, రెండడుగులు వేసి, కల్లు తాగినవాడిలా పక్కకు ఒరిగింది. మామి చప్పట్లు కొట్టింది. అత్తగారు దిష్టి తీశారు.

అప్పుడు ఆ పిల్లవాడు తండ్రితో వచ్చాడు, రాజాను తిరిగి తీసుకుపోతానని. మూడు అంతస్తుల మెట్లు ఎక్కితే రాజా నడుము మళ్ళీ పోతుంది. పగలు చూసుకునేవారు లేరు. "నేను ఎత్తుకుంటాను" అన్నాడు పిల్లవాడు. పదకొండు కిలోల కుక్కను! తండ్రి తల దించుకున్నాడు. నేను కుదరదన్నాను. ఆ రాత్రి అత్తగారు, "పసివాడి ఏడుపుకు లెక్క లేదా?" అని అడిగారు. లెక్క ఉంది. కానీ ఆ రోజు నేను రాజా తరఫున కూర్చున్నాను. దాని తరఫున మాట్లాడడానికి ఇంకెవరూ లేరు.

రాజా ఇప్పుడు తపాలాశాఖలో రిటైరయిన ఒక పెద్దాయన ఇంట్లో ఉంది. కింది వాటా, మెట్లు లేవు. ఆయనే ఆ తండ్రికి ఫోను చేసి ఆదివారాలు రమ్మన్నారు. పిల్లవాడు వెళ్తున్నాడు. నేను ఒకరోజు వెళ్ళినప్పుడు రాజాను ఎత్తుకుంటున్నాడు. ఒక చెయ్యి ఛాతీ కింద, ఒక చెయ్యి వెనక కాళ్ళ కింద, నడుము వంగకుండా. నేను చూపించిన పద్ధతే. నాతో మాత్రం ఇంకా మాట్లాడడు. దానికి నాకు కోపం లేదు. అన్ని కథలూ ఇంతవరకూ రావు. ఆలస్యంగా చేరినవి కొన్ని మా చేతుల్లోనే పోయాయి.

కుక్కను ఇచ్చే ముందు పెళ్ళిచూపుల్లాగే ఇల్లు చూస్తాం. ఇంట్లో అందరి ఒప్పుదల అడుగుతాం. ఆపరేషన్ చేయించకుండా ఆడకుక్కను ఇవ్వం, ఎందుకంటే "పిల్లలు పెడుతుందా?" అని మొదటి మాటే అడిగేవారున్నారు. వారికి టీ ఇచ్చి పంపేస్తాం. ఏటా రేబీస్ టీకా వేయిస్తామని రాయించుకుంటాం. సోఫా పక్కన ఏటవాలు పలక పెట్టమంటాం. బరువు పెరగనివ్వవద్దంటాం, నడుము మీద పడేది ఆ బరువే. ఉల్లిపాయ సాంబారన్నం, పాయసంలో కిస్‌మిస్, చాక్లెట్ పెట్టరాదని మరీ మరీ చెబుతాం. ప్రేమ కొద్దీ మన ఇళ్ళలో పెట్టేవి సరిగ్గా అవే.

చివరగా ఒక లెక్క. డాక్సుండ్ పన్నెండు నుంచి పదహారేళ్ళు బతుకుతుంది. పిల్లలు దూరదేశాల్లో ఉండి, తోడు కోసం కుక్కపిల్లను తెచ్చుకుందామనుకునే పెద్దలు మన కుటుంబాల్లో చాలామంది ఉన్నారు. మీ వయసుకు పదహారు కలిపి చూసుకోండి. కలిపాక భయమేస్తే, ఎనిమిదేళ్ళ కుక్కను తెచ్చుకోండి. దానికీ తోడే కావాలి. మీ తరవాత దాన్ని ఎవరు చూస్తారో ఇప్పుడే ఒక మనిషిని అడిగి, ఒప్పించి, కాగితం మీద రాసి బీరువాలో పెట్టండి. నగలెవరికో రాస్తాం కదా, ఇదీ అట్లాగే. నా నోటుబుక్కులో అటువంటి కాగితంతో వచ్చిన కుక్క ఇంతవరకు ఒక్కటే ఉంది. దానికి ఇల్లు చూసే పని మాకు పడలేదు.