మా మిలట్రీ తాత

ఈ వార్షికోత్సవ సంచికకు పాత విద్యార్థుల తరఫున ఏదైనా రాసివ్వమని వార్డెన్ గారు అడిగినప్పుడు, ఎవరి గురించి రాయాలా అని మేము ఆలోచించనక్కర లేకపోయింది. 2004 నుంచి 2007 దాకా ఈ హాస్టల్లో ఉండి పదో తరగతి పూర్తి చేసినవాళ్ళం మేము. మాలో చాలామంది అమ్మానాన్నలు పాలమూరు నుంచి వచ్చి జూబ్లీహిల్స్‌లో బంగళాలు కట్టిన కూలీలు. వాళ్ళు కట్టిన ఇళ్ళకు మేము గేటు దాకానే వెళ్ళగలిగేవాళ్ళం. అలాంటి ఒక గేటు దగ్గరే మాకు మిలట్రీ తాత పరిచయమయ్యారు.

ఆదివారం వచ్చిందంటే మాకు ఫిలింనగర్ తప్ప మరో లోకం ఉండేది కాదు. రామానాయుడు స్టూడియో వైపు ఏ వ్యాను పోయినా అందులో హీరో ఉన్నాడని వెంటపడి పరుగెత్తేవాళ్ళం. 1970లలో అన్నపూర్ణ స్టూడియో వెలిశాక సినిమావాళ్ళు మద్రాసు వదిలి మెల్లమెల్లగా ఈ గుట్టల మీదికి చేరారని పెద్దలు చెప్పేవారు. మాకేమో సినిమా ఇక్కడే పుట్టిందనిపించేది.

ఒక ఆదివారం ఒక బంగళాలో షూటింగ్ జరుగుతోంది. హీరో మిలట్రీ డ్రెస్సులో ఉన్నాడని విని గేటు మీద పడ్డాం. వాచ్‌మన్ అడ్డం నిలబడి, "లోపల ఉన్నది మిలట్రీ కాదురా, మిలట్రీ బట్టలు" అన్నారు. "నీకేం తెలుసు తాతా?" అని నవ్వాం. "పదిహేడేళ్ళు తొడుక్కున్నాను కదా, ఆ మాత్రం తెలుసు" అన్నారు.

ఆయనది పశ్చిమ గోదావరి జిల్లా. తాడేపల్లిగూడెం దగ్గర మిలట్రీ మాధవరం అని పేరుపడ్డ ఊరుంది. రెండు ప్రపంచ యుద్ధాలకూ సైనికులను పంపిన ఊరది. దానికి కొద్ది దూరంలో ఉన్న పల్లె ఆయనది. మాలాగే ఊరి చివర పేటలో పుట్టారు. ఎనిమిదో తరగతితో చదువు ఆపి, 1968లో బెంగుళూరులోని మద్రాస్ ఇంజినీర్ గ్రూప్‌లో చేరారు. హవల్దారుగా రిటైరయ్యారు. పిల్లల పెళ్ళిళ్ళకు చేసిన అప్పులు తీర్చడానికి హైదరాబాదు వచ్చి వాచ్‌మన్ పనిలో కుదిరారు.

1971 యుద్ధం గురించి చెప్పమని ఎన్నిసార్లు బతిమాలినా ఆయన ఒక్క సంగతే చెప్పేవారు. ఆ డిసెంబరులో పశ్చిమ సరిహద్దున బసంతర్ నది దగ్గర, ట్యాంకులు వెళ్ళాలంటే ముందు ఇంజినీర్లు మందుపాతరలు తీసి దారి చేయాలి. నేల మీద బోర్లా పడుకుని, చిన్న కడ్డీతో మట్టిని ఏటవాలుగా పొడిచి చూస్తూ జానెడు జానెడుగా జరగాలి. ఖాళీ అయిన దారికి అటూ ఇటూ తెల్ల టేపు కట్టుకుంటూ పోవాలి. "మనం దాటితే చాలదురా, వెనకొచ్చేవాడికి దారి కనపడాలి" అనేవారు.

2006 వేసవిలో మా హాస్టల్ బోరు ఎండిపోయింది. మూడు రోజులకొక ట్యాంకరు వచ్చేది. స్నానాల్లేక పిల్లలకు గజ్జి పట్టుకుంది. ఐదో తరగతి పిల్లలిద్దరు ఇంటికి వెళ్ళి మళ్ళీ రాలేదు. అప్పటి వార్డెన్ సార్ పైకి రాసి రాసి విసిగిపోయారు. మేము తాత దగ్గరికి వెళ్ళి, "మీ బంగళా సారుకు చెప్పి ట్యాంకర్లు ఇప్పించు తాతా" అని అడిగాం.

తాతకు కోపం వచ్చింది. "అడుక్కుంటే ఒక వారం ఇస్తాడు. మీ నీళ్ళు మీ హక్కు. అర్జీ పెట్టండి" అన్నారు.

అర్జీ అంటే ఏమిటో మాకు అప్పుడే తెలిసింది. వారం రోజులు మాతో లెక్క రాయించారు. ఎంతమంది పిల్లలం, రోజుకు ఎన్ని బకెట్లు వచ్చాయి, ఎవరెవరికి గజ్జి వచ్చింది, ఎవరు బడి మానేశారు. రెండు కాపీలు రాయించి, రెండో దానిపై ఆఫీసు ముద్ర వేయించుకోవాలని చెప్పారు. "ముద్ర పడకపోతే అది మన కాగితం. ముద్ర పడితే వాళ్ళ పని" అనేవారు.

నైట్ డ్యూటీ దిగి, నిద్ర మానుకుని, ఇస్త్రీ చొక్కా తొడుక్కుని మాలో ఇద్దరిని వెంటబెట్టుకుని ఆఫీసుకు వచ్చేవారు. మొదటిసారి మా అర్జీ తీసుకోనే లేదు. రెండోసారి తీసుకుని ముద్ర వెయ్యలేదు. "మెడల్స్ పెట్టుకుని రా తాతా, భయపడతారు" అన్నాం. "మెడల్స్ చూసి ఇస్తే నాకిచ్చినట్టు. మీ లెక్క చూసి ఇవ్వాలి" అన్నారు. ఏడోసారి తిరిగాక రోజూ ట్యాంకరు రావడం మొదలైంది. వానాకాలం ముందు కొత్త బోరు పడింది.

వెళ్ళిపోయిన ఇద్దరిలో ఒకడిని తాత స్వయంగా వెళ్ళి తీసుకొచ్చారు. రెండోవాడి కోసం మూడుసార్లు తిరిగారు. వాడప్పటికే తండ్రితో సిమెంటు పనికి పోతున్నాడు. తర్వాత జూబ్లీహిల్స్‌లో ఒక ఇంటి పునాది దగ్గర ఇసుక మోస్తూ మాకు కనిపించాడు. ఆ సంగతి చెబితే తాత చాలాసేపు మాట్లాడలేదు. "ఆలస్యం చేశాం" అన్నారు, అంతే. ఆ 'చేశాం'లో మేమూ ఉన్నామని మాకు అర్థమైంది.

అంబేడ్కర్ జయంతి నాడు మా హాస్టల్‌కు వచ్చి, బాబాసాహెబ్ తండ్రి రాంజీ సక్పాల్ సైన్యంలో సుబేదారని, సైనికుల బడిలో పాఠాలు చెప్పారని చెప్పారు. "మనవాళ్ళను ఊరి బడిలోకి రానివ్వని రోజుల్లో పటాలంలో బడి ఉండేది. నాకూ ఎనిమిది తర్వాత చదువు పటాలమే చెప్పింది. ఆ బాకీ మీ దగ్గర తీర్చుకుంటున్నాను" అన్నారు. ఫిలింనగర్ బస్తీల్లో వితంతు పెన్షను అర్జీలు కూడా ఆయనే రాసిపెట్టేవారు. ఎవరిదగ్గరా టీ కూడా తాగేవారు కాదు.

మేము హాస్టల్ వదిలిన కొన్నాళ్ళకు ఆయన ఊరికి వెళ్ళిపోయారు. 2017లో ఘాజీ సినిమా వచ్చినప్పుడు ఫోన్ చేసి, మీ 1971 మీద సినిమా వచ్చిందని చెప్పాం. "అది నీళ్ళవాళ్ళదిరా, మాది మట్టి" అని నవ్వారు. రెండేళ్ళకు ఆయన పోయారని తెలిసి మాలో నలుగురం ఆ పల్లెకు వెళ్ళాం. వాళ్ళావిడ ఇనప పెట్టె తెరిచి చూపించారు. పైన దారంతో కట్టిన అర్జీల కాపీలు. ఊరి దారికి, వీధి దీపానికి, శ్మశానం స్థలానికి. అన్నిటి మీదా ముద్రలు. మెడల్స్ అడుగున ఒక గుడ్డలో ఉన్నాయి.

తన పేరు సంచికలో వేయవద్దని 2007లోనే మాకు చెప్పారు. అందుకే ఇప్పుడూ వేయడం లేదు. తమ్ముళ్ళూ, మన ఆఫీసు బీరువాలో ఆకుపచ్చ అట్ట ఫైలు ఒకటుంది. అందులో మొదటి కాగితం మా నీళ్ళ అర్జీ. దానిపై ముద్ర ఇంకా చెరగలేదు. మీకు ఏ కష్టమొచ్చినా ముందు లెక్క రాయండి, రెండు కాపీలు తీయండి, ఒకటి ఆ ఫైలులో పెట్టండి. మీ వెనక వచ్చేవాళ్ళకు దారి కనపడాలి.