విడిభాగములపై ముద్రలు

రఘునాథపల్లి మండలమందలి ఖిలాషాపురములో సర్వాయి పాపన్న కోట నేటికిని నిలిచియున్నది. 1710లో హతుడైన ఆ వీరుని కాలమున తుపాకిలో ఒక ముక్క చెడినచో, కమ్మరి ఆ తుపాకినే ముందిడుకొని, క్రొత్తముక్కను ఆకురాయితో రాచి రాచి అమర్పవలసినదే. ఒకదాని భాగము వేఱొకదానికి పట్టెడిది కాదు. చేసినవాని మొగము వాడువానికి తెలియును, ముద్రతో పనిలేదు.

వేలకొలది ముక్కలను ఒక్క కొలతకు చేసి, చెడినదానిని తీసి మఱియొకటి వేయు పద్ధతిని ఫ్రాన్సు దేశమున హొనొరే బ్లాంకు అను తుపాకుల పనివాడు తుపాకిమరలయందు సాధించెను. 1785లో థామస్ జెఫర్సన్ దానిని చూచి ఆశ్చర్యముతో స్వదేశమునకు లేఖ వ్రాసెను. అట్టి పద్ధతి వ్యాపించినకొలది చేయువాడు కొనువానికి అపరిచితుడైనాడు. వానికి మాఱుగా ముద్ర మాటలాడవలసి వచ్చినది.

పాత విలాయతి పిస్తోలుపై సాధారణముగా మూడు తెగల గుర్తులు కానవచ్చును. మొదటిది చేసినవాని పేరు. రెండవది వరుససంఖ్య, చట్రముమీదను గొట్టముమీదను సంఖ్య వేసిన పిస్తోళ్లలో ఆ రెండును కలియనిచో, ఏదో యొకటి తరువాత మార్చినదని అనుమానింపవచ్చును. మూడవది పరీక్షాముద్ర. దీనిని చేసినవాడు తనంత తాను వేసికొనరాదు. 1813లో పార్లమెంటు చట్టముచే బర్మింగుహాములో ఏర్పడిన పరీక్షాలయమువంటివి, మామూలుకంటె ఘాటైన మందుతో కాల్చి చూచి, నిలిచినదానిపై మాత్రమే దానిని కొట్టుదురు. గొట్టము మార్చినచో పాత గొట్టపు పరీక్ష క్రొత్తదానికి చెల్లదు. అది వేఱుగా పరీక్షకు నిలువవలెను. మన దేశమునను 1959 నాటి ఆయుధచట్టము, ఎనిమిదవ విభాగమున, తుపాకిపైని పేరునుగాని సంఖ్యనుగాని చెఱపుటయు మార్చుటయు నిషేధించినది.

పిస్తోలు గొడవ మనకేల యని చదువరు లందురేమో. మా కాపువాండ్రకు పిస్తోళ్లు లేవు, మోటార్లు కలవు. యాసంగి వరి పొట్టమీద నున్నప్పుడు మోటారు నిలిచిపోయినచో ఆ యింటి సంవత్సర మంతయు నిలిచిపోవును. ప్రాణమును తీయు యంత్రమునకు మనుష్యులు మూడు ముద్రలు కొట్టి, చట్టము చేసి, కాపాడుకొనిరి. ప్రాణమును నిలుపు యంత్రపు ముక్కలను మాత్రము ఎవ్వరును తిరుగవేసి చూడరు.

జనగామ రాస్తామీద ఒక మరమ్మతు దుకాణములో మేము కొంతసేపు కూర్చుండి చూచితిమి. బావిగట్టు మోటారుకు బేరింగు మార్పించుకొన వచ్చిన యొక రైతు, "ఇది అసలుదేనా?" యని యడిగినాడు. "నంబర్ సూడు పటేలా, 6205 అని లేదా?" యని బదులు వచ్చినది. రైతు తృప్తిపడి పైకము చెల్లించినాడు. ఆ సంఖ్య అబద్ధము కాదు. కాని అది చెప్పున దేమి? మొదటి 6 గుండ్లబేరింగు తెగను, 2 కొలతల వరుసను తెలుపును. చివరి 05ను అయిదుతో హెచ్చింపగా లోపలి రంధ్రము 25 మిల్లీమీటరులని తేలును. 04 మొదలు ఈ లెక్క నడచును. 03 మాత్రము 17 మిల్లీమీటరులు. ఇది లోకమంతటికిని ఉమ్మడిసంఖ్య. మేలిసరకుపైనను ఇదే, నాసిసరకుపైనను ఇదే. అది చొక్కా కొలతవంటిది. బట్ట యెట్టిదో చెప్పదు.

ఐ.ఎస్.ఐ. ముద్ర సంగతియు నిట్టిదే. ఉత్త ముద్ర చాలదు. దానిపైన ప్రమాణసంఖ్య యుండవలెను; బోరులో దింపు పంపుసెట్టు కది 8034. క్రింద సి.ఎం./ఎల్. అను అక్షరములతో అనుమతిసంఖ్య యుండవలెను. ఆ సంఖ్య ఎవరి పేర నున్నదో భారతీయ ప్రమాణముల సంస్థవారి 'బి.ఐ.ఎస్. కేర్' అను సాధనమున ఫోనులోనే చూచుకొనవచ్చును. పంపుసెట్టుపైని ముద్ర ఆ పంపుసెట్టుకే. రెండేండ్ల తరువాత వేసిన బుష్షుకును ఫ్యానుకును అది సాక్ష్యము చెప్పదు. గొట్టము మార్చిన పిస్తోలు న్యాయమే యిది.

రైతు చదువులేనివా డగుటచే మోసపోవుచున్నాడని కొంద ఱందురు. మే మొప్పుకొనము. ఆ యింటి యిల్లాలే పుస్తెలతాడు కొనునపుడు 916 అంకెను వెదకి వెదకి చూచును. ఆమెకు ఆ సంగతిని ఎవరో చెప్పినారు. మోటారు సంగతిని ఎవ్వరును చెప్పలేదు. పాఠశాలలో యంత్రసూత్రములను వల్లెవేయించు ఉపాధ్యాయులు ఒక్కనాడు పాత బేరింగును బల్లపై నుంచి చదివింపరాదా? దుకాణదారు రసీదుపై "బేరింగు ఒకటి" యని వ్రాసి విడువక, చేసినవారి పేరును సంఖ్యను వ్రాయవలెను. తీసిన పాతముక్కను రైతు చేతి కీయవలెను. రైతును, భాగము మోటారులో దిగకముందే, దానిపై నున్న యక్షరములను బిడ్డచేతనైనను ఒక కాగితముపై ఎక్కించుకొనవలెను. బిగించిన పిమ్మట అవి కంటికి కానరావు. మఱుసటి యాసంగికి నూనెయు తుప్పును వాటిని చాలవఱకు తినివేయును.